2 + 3 × 4 ఎంత? లెక్కలో ఏ గుర్తు ముందు అన్న వివాదంపై మీ అనుభవాలు చెప్పండి

ఆరో తరగతి అమ్మాయి నాన్న, విజయవాడ:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి నిన్న సాయంత్రం హోంవర్కులో 2 + 3 × 4 అన్న లెక్కకు 14 అని రాసింది. సరిచూసుకుందామని ఇంట్లో ఉన్న చిన్న కాలిక్యులేటరులో అదే వరుసలో నొక్కితే 20 వచ్చింది, నా ఫోనులో మాత్రం 14 వచ్చింది. గుణకారం ముందు చేయాలన్న నియమం నాకు తెలుసు గానీ, కాలిక్యులేటరు తప్పెందుకు చెబుతుందని పాప అడిగితే జవాబు చెప్పలేకపోయాను. మా తమ్ముడేమో ఎడమ నుంచి కుడికి చేసుకుంటూ పోవడమే సహజమనీ, 20 కూడా సరైన జవాబేననీ గట్టిగా వాదించాడు. మీకు ఇలాంటి తేడాలు ఎక్కడైనా ఎదురయ్యాయా?

కిరాణా కొట్టు, తెనాలి:
అయ్యా, మీ కాలిక్యులేటరు చెడిపోలేదు. కొట్లలో వాడే ఆ రకం కాలిక్యులేటరు మొత్తం లెక్కను చూసి చేయదు. మీరు × నొక్కగానే అంతవరకూ ఉన్న 2 + 3ను 5 చేసేసి, ఆ తర్వాత 4తో హెచ్చవేస్తుంది. మా కొట్లో కొత్తగా చేరిన కుర్రవాడు ఒక పెద్దావిడకు రెండు కిలోల పెసరపప్పు కిలో 120 చొప్పున, మూడు కిలోల పంచదార కిలో 45 చొప్పున ఇచ్చి, 2 × 120 + 3 × 45 అని ఏకబిగిన నొక్కి, మొత్తం 10,935 రూపాయలయిందని చెబితే ఆ పెద్దావిడ చేతిసంచి గల్లాపెట్టె మీద పెట్టేసి అలాగే నిలబడిపోయారు. 240కి 3 కలిసి 243 అయింది, దాన్ని 45తో హెచ్చవేసింది, అంతే. అసలు బిల్లు 375 రూపాయలే. ఆ రోజే వాడికి, వచ్చిన జవాబును మెమరీలో కలుపుకునే ఎం-ప్లస్ బటన్ నేర్పించాను: 2 × 120 నొక్కి ఎం-ప్లస్, 3 × 45 నొక్కి ఎం-ప్లస్, చివర మెమరీలో ఉన్నది చూపించే ఎంఆర్సీ నొక్కితే సరైన మొత్తం వస్తుంది. మొదలుపెట్టే ముందు పాత మొత్తాన్ని చెరిపేయడం మరిచిపోకూడదు.

రిటైరైన లెక్కల మాస్టారు, కర్నూలు:
తెనాలి వారు చెప్పింది అక్షరాలా నిజం. బడిలో వచ్చే చిక్కు వేరు. బోడ్‌మాస్ (బ్రాకెట్లు, ఆఫ్, డివిజన్, మల్టిప్లికేషన్, అడిషన్, సబ్‌ట్రాక్షన్ అన్న వరుసకు పొట్టిపేరు) అని బట్టీ పట్టిన పిల్లలు అందులో ఎ అక్షరం ఎస్ కంటే ముందుంది కాబట్టి కూడిక ముందు చేయాలనుకుని, 10 − 3 + 2కు 5 అని రాస్తారు. నా సర్వీసులో ప్రతి ఏడాదీ జవాబు పత్రాల్లో ఈ తప్పును దిద్దాను. కూడిక, తీసివేత రెండూ ఒకే స్థాయివి, గుణకార భాగహారాలు రెండూ ఒకే స్థాయివి, ఒకే స్థాయిలో ఉన్నవాటిని ఎడమ నుంచి కుడికి చేయాలి. జేబులో పది రూపాయలున్నాయి, మూడు ఖర్చయ్యాయి, రెండు వచ్చాయి, ఇప్పుడెన్ని ఉన్నాయి అని అడిగితే ఏ పిల్లవాడూ అయిదని చెప్పడు.

బోడ్‌మాస్‌లోని ‘ఆఫ్’ సంగతి కూడా చెప్పాలి. 12 ÷ ½ ఆఫ్ 6 అన్న లెక్కలో ‘ఆఫ్’ను మామూలు గుణకారంగా తీసుకుని వరుసగా చేస్తే 144 వస్తుంది, మన పుస్తకాల పద్ధతిలో ‘ఆఫ్’ను ముందు చేస్తే 4 వస్తుంది. నేను దీన్ని తెలుగులోనే చదివించేవాణ్ణి. ‘పన్నెండును ఆరులో సగంతో భాగించు’ అన్నప్పుడు ‘ఆరులో సగం’ అన్నది వినగానే మూడుగా తోస్తుంది, ఇక సందేహానికి చోటుండదు.

ఇద్దరు పిల్లల తల్లి, డల్లాస్:
మాస్టారు గారూ, మా ఇంట్లో జరిగింది సరిగ్గా ఇదే. నేను గుంటూరులో బోడ్‌మాస్ నేర్చుకున్నాను, మా అబ్బాయి ఇక్కడ పెమ్‌డాస్ నేర్చుకున్నాడు. అదీ అలాంటి వరుసే గానీ, అందులో భాగహారం కంటే గుణకారం అక్షరం ముందు వస్తుంది కాబట్టి 24 ÷ 4 × 2కు వాడు 3 అన్నాడు, నేను 12 అన్నాను. జవాబు 12 అని చివరికి ఒప్పుకున్నాడు గానీ, 2019లో అందరూ వాదించుకున్న 8 ÷ 2(2 + 2)ను తెచ్చి నా ముందు పెట్టాడు. ఎడమ నుంచి చేస్తే 16 రావాలని నేను ఇప్పటికీ అంటాను.

ఫిజిక్స్ పరిశోధకుడు, బెంగళూరు:
అక్కా, ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవించలేను. గుర్తు లేకుండా పక్కపక్కన రాసిన 2(2 + 2)ను మా రంగంలో ఒకే ముద్దగా చూస్తాం. 1/2x అని రాస్తే 2x అంతా కిందే ఉందని అర్థం చేసుకుంటాం. ఆ లెక్కన జవాబు 1 అవుతుంది. కాలిక్యులేటర్లలోనూ ఏకాభిప్రాయం లేదు: టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ టీఐ-82 కాలిక్యులేటరు ఇలాంటి గుణకారాన్ని ముందు చేస్తుంది, దాని తర్వాత వచ్చిన టీఐ-83 వరుసలోనే చేస్తుంది. అందుకే 16, 1 అని కొట్టుకోవడం కంటే, ఆ ÷ గుర్తు తీసేసి గీత కింద ఏముందో స్పష్టంగా రాయమని అడగడమే న్యాయమని నా అభిప్రాయం.

అకౌంటెంట్, హైదరాబాద్:
నా అనుభవంలో ఈ వరుసకు డబ్బు విలువ కూడా ఉంది. వెయ్యి రూపాయల వస్తువుపై వంద రూపాయల కూపన్, 18 శాతం జీఎస్టీ ఉన్నాయనుకోండి. (1000 − 100) × 1.18 అయితే 1062, 1000 × 1.18 − 100 అయితే 1080. ఒక దుకాణంలో నాకు రెండో పద్ధతిలో బిల్లు వేస్తే, అమ్మేటప్పుడే బిల్లులో చూపిన తగ్గింపును విలువలో కలపకూడదని జీఎస్టీ చట్టం 15వ సెక్షన్‌లో ఉందని చెప్పి దిద్దించుకున్నాను. తగ్గింపు పది శాతమని ఉంటే మాత్రం ఏది ముందు చేసినా 1062 రూపాయలే వస్తుంది.

ఎక్సెల్ వాడేవారికి ఇంకొక మాట: అక్కడ =-3^2 (^ అంటే ఘాతం) అని కొడితే మైనస్‌ను ముందు చూసి 9 వస్తుంది, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అదే లెక్కను -3**2 అని రాస్తే -9 వస్తుంది. నేను ఇలాంటి చోట్ల బ్రాకెట్ పెట్టకుండా ముందుకు కదలను.

ఆరో తరగతి అమ్మాయి నాన్న, విజయవాడ:
అందరికీ కృతజ్ఞతలు. తెనాలి వారి పద్ధతి ఇప్పుడే పాపతో చేయించాను. 2 నొక్కి ఎం-ప్లస్, 3 × 4 నొక్కి ఎం-ప్లస్, ఆపైన ఎంఆర్సీ. అదే చిన్న కాలిక్యులేటరు 14 చూపించింది, పాప దాన్ని పట్టుకుని వాళ్ల బాబాయికి చూపించడానికి పరుగెత్తింది.