ఆ అడవి థ్రిల్లర్‌లో ఫోన్ సిగ్నల్ లేదని చూపించడం తప్పా?

హన్మకొండ_చౌరస్తా: నిన్న రాత్రి ఒక చిన్న థ్రిల్లర్ చూశా. హైదరాబాద్‌లో ఉద్యోగాలు వదిలేసిన భార్యాభర్తలు ఏటూరునాగారం అడవి అంచున ఇల్లు తీసుకుంటారు, మూడో రాత్రి నుంచి ఎవరో ఇంటి చుట్టూ తిరుగుతుంటారు. నలుగురే నటులు, పాటల్లేవు, సగం సినిమా టార్చిలైటు వెలుగులోనే. అంత తక్కువ డబ్బుతో అంత టెన్షన్ పెట్టడం మామూలు విషయం కాదు.

తాడ్వాయి_రోడ్: బాగుంది అన్నా, కానీ సిగ్నల్ అసలు లేదనడం తప్పు. 2023 జూలైలో ఇదే ములుగు జిల్లాలో ముత్యంధార జలపాతం దగ్గర వాగు పొంగి 80 మంది దాకా ఇరుక్కున్నారు. ఫోన్లు పనిచేయబట్టే కదా, ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు వెళ్లి బయటికి తెచ్చింది.

హన్మకొండ_చౌరస్తా: ఒక్క చోట దొరికితే అడవంతా ఉన్నట్టా? సిగ్నల్ ఉంటే ఆమె పోలీసులకు ఫోన్ చేస్తుంది, పావుగంటలో కథ అయిపోతుంది.

కాజీపేట_జంక్షన్: మేడారం జాతరప్పుడు టవర్లు పెడతారు, మామూలు రోజుల్లో కష్టమే.

ములుగు_ఆడబిడ్డ: సిగ్నల్ సంగతి వదిలేయండి. తెల్లవారకముందే చెట్టు కింద మంటలు, గంపలు పట్టుకున్న మనుషులు, వెనక భయపెట్టే మ్యూజిక్. అది ఇప్పచెట్టు. ఎండాకాలం మొదట్లో పువ్వు రాలుతుంది, కనపడాలని కింద ఆకు కాల్చి ఊడుస్తారు, పశువులు తినకముందే ఏరాలని చీకట్లోనే పోతారు. మా అమ్మ పోయేది, గంప పట్టుకుని నేనూ వెంట నడిచేదాన్ని. సినిమాలో అట్లా పువ్వు ఏరే ఆడమనిషిని దయ్యాన్ని చేశారు.

హన్మకొండ_చౌరస్తా: అక్కా, అది ఆ జంట కళ్లతో చూపించిన సీను. వాళ్లకు తెలియదు, భయపడ్డారు.

ములుగు_ఆడబిడ్డ: చివరిదాకా ఒక్కరూ చెప్పలేదు కదా తమ్ముడూ. ఒక్క మాటకు పైసా ఖర్చు కాదు.

తాడ్వాయి_రోడ్: ఖర్చంటే గుర్తొచ్చింది. రెండేళ్ల కింద ఒక షూటింగ్‌కు నా బండి తొమ్మిది రోజులు తిప్పాను, డీజిల్ కూడా నాదే. చిన్న సినిమా, అర్థం చేసుకో అన్నారు. సగం పైసలు ఇప్పటికీ రాలేదు. లో బడ్జెట్ అంటే మాలాంటోళ్ల పైసలు ఎగ్గొట్టడమే.

హన్మకొండ_చౌరస్తా: వాళ్లు వేరు, వీళ్లు వేరు! మన అడవిలో ఎవరైనా సినిమా తీస్తే చాలు, ఇట్లా మీద పడతారు. ఏడేళ్లు మాదాపూర్‌లో పనిచేశాను, రోజూ మూడు గంటలు ట్రాఫిక్‌లోనే, ఇంటికొచ్చాక ఎవరితో మాట్లాడాలన్నా చిరాకు. ఆ భార్య ఇక నావల్ల కాదు అని బ్యాగు సర్దుకుంటుంటే ఏడ్చేశాను. నాకు ఆ ధైర్యం లేకపోయింది. మీరేమో టవర్లు లెక్కబెడుతున్నారు.

ములుగు_ఆడబిడ్డ: ఈ మాట ముందే చెప్పాల్సింది. నీ బాధ కాదనను. కానీ నువ్వు పారిపోయి వద్దామనుకున్న చోటి నుంచే మా తమ్ముడు మాదాపూర్ పోయాడు, వానాకాలం వాగు దాటించి అమ్మను ఆసుపత్రికి తీసుకుపోలేకపోయామని. జంపన్నవాగు పొంగి మా దిక్కు కొండాయి ఊరు మునిగింది కూడా ఆ 2023 వానలకే. మనుషులే లేని చోటన్నట్టు తీశారు, కనపడ్డ కొద్దిమందిని చూసి భయపడమన్నారు. నా కోపం దాని మీద.

హన్మకొండ_చౌరస్తా: ఇప్పపువ్వు సంగతి నాకు నిజంగా తెలియదక్కా. అయినా సినిమా మంచిదనే అంటాను.

తాడ్వాయి_రోడ్: రేపు అటే పోతున్నా. ఎక్కడెక్కడ సిగ్నల్ వస్తుందో ఫోన్ స్క్రీన్ ఫొటోలు తీసి పెడతా.