నైట్రోజన్ ఖాళీలు ఉంటే కోటింగ్ ఎక్కువ వేడి ఎలా తట్టుకుంటుంది?

పీణ్య_కోటర్ (బెంగళూరు)
కార్బైడ్ ఇన్సర్ట్‌ల (లోహాన్ని కోసే మొనలు) మీద ఆర్క్ పద్ధతిలో టైటానియం అల్యూమినియం నైట్రైడ్ వేస్తున్నాం. టార్గెట్ (ఆర్క్ ఆవిరి చేసే లోహపు దిమ్మ) టైటానియం, అల్యూమినియం 50:50, నైట్రోజన్ 4 పాస్కల్, బయాస్ (ఇన్సర్ట్‌కు ఇచ్చే వోల్టేజ్) మైనస్ 40 వోల్టులు. వాక్యూమ్ ఫర్నేస్‌లో 900 డిగ్రీలకు గట్టితనం పెరుగుతోంది, 1000 దాటితే పడిపోతోంది. నైట్రోజన్ ఖాళీలు (స్ఫటికంలో నైట్రోజన్ పరమాణువు ఉండాల్సిన చోట లేకపోవడం) పెంచితే ఆ హద్దు పైకి జరుగుతుందట. కానీ ఖాళీలుంటే పరమాణువులు ఇంకా తేలిగ్గా కదలాలి కదండీ?

అంబత్తూరు_ఆర్క్ (చెన్నై)
ఖాళీ ఎవరి చోట అన్నది చూడాలండి. లోహం చోట ఖాళీలుంటే మీ అనుమానం నిజమే. టైటానియం, అల్యూమినియం వాటి గుండానే నడుస్తాయి, విడిపోవడం త్వరపడుతుంది.

నైట్రోజన్ చోట ఖాళీల సంగతి వేరు. 900 దగ్గర మీకు కనిపించే గట్టితనం క్యూబిక్ దశ (ఘనాకార స్ఫటిక నిర్మాణం) నానోమీటర్ల మేర టైటానియం ఎక్కువున్న, అల్యూమినియం ఎక్కువున్న భాగాలుగా విడిపోవడం వల్ల వచ్చింది. ఆ తర్వాత అల్యూమినియం నైట్రైడ్ వుర్ట్జైట్ అనే షడ్భుజ స్ఫటిక రూపంలోకి మారి 20 శాతానికి పైగా ఉబ్బుతుంది. అక్కడే గట్టితనం పోతుంది. వుర్ట్జైట్‌కు ప్రతి అల్యూమినియానికీ ఒక నైట్రోజన్ కావాల్సిందే, లోటును ఓర్వదు. టైటానియం నైట్రైడ్ మాత్రం లోహానికి నైట్రోజన్ నిష్పత్తి 0.6 దాకా దిగినా క్యూబిక్‌గానే ఉంటుంది. కాబట్టి లోటున్న పొరలో వుర్ట్జైట్ పుట్టాలంటే నైట్రోజన్‌ను టైటానియం వైపు నుంచి లాక్కోవాలి. ఆలస్యం అందుకే.

ఇది క్రోమియం నైట్రైడ్‌కు వర్తింపజేయకండి. అది వేడికి తనంతట తానే నైట్రోజన్ వదిలేస్తుంది.

పీణ్య_కోటర్
అయితే 4 పాస్కల్ నుంచి 1కి దించితే సరిపోతుందా?

అంబత్తూరు_ఆర్క్
వద్దండి. నైట్రోజన్ తగ్గితే కాథోడ్ (అంటే టార్గెట్) మీద నైట్రైడ్ పొర పలచబడి డ్రాప్లెట్లు (కరిగిన లోహపు తుంపరలు) పెరుగుతాయి. మొత్తం పీడనం 4 దగ్గరే ఉంచి, ఆర్గాన్ వాటాను మెట్టుమెట్టుగా పెంచండి. నిష్పత్తి 0.9 నుంచి 0.75 మధ్య వెతకండి. మరీ దిగితే వేడిలో టైటానియం అల్యూమినియం లోహ సమ్మేళనాలు పుడతాయి.

పొర_కొలత (చెన్నై)
ఆ నిష్పత్తిని మామూలు ఈడీఎక్స్‌తో (మైక్రోస్కోప్‌లో ఎక్స్‌రే గీతలను బట్టి మూలకాలు కొలిచే పద్ధతి) తేల్చకండి. నైట్రోజన్ గీత 0.39 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ దగ్గర ఉంటుంది, టైటానియం గీత సరిగ్గా దాని మీదే పడుతుంది. ఈఆర్‌డీఏ (అయాన్లతో కొట్టి, ఎగిరివచ్చే పరమాణువులను లెక్కించే పరీక్ష) చేయించండి, ఆ సంఖ్యనే నమ్మండి. ఎక్స్‌రేలో లాటిస్ (పరమాణువుల అమరిక) చిన్నదైందని ఖాళీలు లెక్కగట్టేయకండి, అందులో పొరలోని ఒత్తిడి కూడా కలిసి ఉంటుంది.

ఇంకొకటి, కార్బైడ్ మీదే 1000 దాటించి పరీక్షిస్తే కార్బైడ్‌లోని కోబాల్ట్ పొరలోకి ఎక్కి లెక్క చెడగొడుతుంది. సఫైర్ ముక్కల మీద వేయండి. లేదా పలుచటి స్టీల్ రేకు మీద వేసి, రేకును పలచని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, మిగిలిన పొడిని వేడిచేయండి.