కాంచనాలు, రేలలు, టబెబూయాలు: ఒకేలా పూసే చెట్లను మీరెలా గుర్తుపడతారు?

ఆకుపసరు
అందరికీ నమస్కారం. మేము చదువుకునే చోట చెట్లకు పేర్ల పలకలు కొత్తగా రాసే పని నాకు అప్పగించారు. పాత పలకల్లో చాలావాటిని నమ్మాలో వద్దో తెలియడం లేదు. ఊదా పూల దేవకాంచనాలు మూడున్నాయి. మూడింటికీ 'బౌహీనియా పర్పురియా' అనే రాశారు. కానీ ఒకటి నిండా ఆకులతో ఉండగా పూస్తుంది, ఇంకోటి ఆకు రాల్చాక పూస్తుంది. పసుపు పూల చెట్ల సంగతి ఇంకా గందరగోళం. ఒకే చెట్టుకు ఒక పుస్తకంలో కేసియా అని, మరో పుస్తకంలో సెన్నా అని ఉంది. యాప్‌లో పువ్వు ఫోటో పెడితే ఒక పేరు చెబుతుంది, అదే చెట్టు ఆకు పెడితే ఇంకో పేరు. తప్పు పేరు తగిలిస్తే ఏళ్ళ తరబడి పిల్లలు దాన్నే చదువుకుంటారని టెన్షన్‌గా ఉంది. చెట్టు ముందు నిలబడ్డప్పుడు మీరు మొదట ఏం చూస్తారో చెప్పండి.

పుప్పొడి
రంగు మాత్రం చూడనండి. దేవకాంచనాల్లో లేత గులాబీ నుంచి ముదురు ఊదా దాకా అన్ని ఛాయలూ ఒకే జాతిలో కనిపిస్తాయి. నేను మొదట లెక్కపెట్టేది కేసరాలు. చివర పుప్పొడి తిత్తి ఉండి, పొడుగ్గా బయటికి వచ్చినవాటినే లెక్కలోకి తీసుకోవాలి. పక్కనే తిత్తి లేని సన్నటి పొట్టి పోగులు ఉంటాయి, అవి వంధ్య కేసరాలు, వాటిని వదిలేయండి. పర్పురియాకు మామూలుగా మూడు ఉంటాయి, ఒక్కోసారి నాలుగు. దాన్ని పోలిన ఇంకో దేవకాంచనం, బౌహీనియా వేరిగేటాకు ఐదు.

తర్వాత రేకులు. పర్పురియా రేకులు సన్నగా, ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి, మధ్యలోంచి ఆకాశం కనిపిస్తుంది. వేరిగేటా రేకులు వెడల్పు, అంచులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. పై రేకు మీద ముదురు చారలు, మరకలు ఉంటాయి. 'వేరిగేటా' అన్నది ఆ రేకు గురించే. ఆకు మీద రెండు రంగులు ఉంటాయేమోనని వెతకకండి, ఉండవు.

పువ్వు ఇంకా విప్పకపోయినా పని జరుగుతుంది. పర్పురియా మొగ్గ మీద నిలువుగా గట్లు ఉంటాయి, వేలితో తడిమితే తెలుస్తాయి. వేరిగేటా మొగ్గ నున్నగా, కదురులా ఉంటుంది. కాలం కూడా సాక్ష్యమే. వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజుల్లో ఆకులతో సహా పూసేది పర్పురియా. చలి చివర, ఆకు రాల్చి మోడుబారిన కొమ్మల మీద పూసేది వేరిగేటా. మీరు చూసిన తేడా సరిగ్గా అదే అయి ఉంటుంది.

చెట్టునీడ
ఆకు చీలిక కూడా చూస్తారు కదా, పర్పురియాకు లోతు ఎక్కువ, వేరిగేటాకు తక్కువ అని. నేను దాని మీద ఆధారపడను. ఒకే కొమ్మ మీద లేత ఆకుకూ ముదురాకుకూ లోతు మారిపోతుంది. కేసరాలే మేలు.

తెల్ల పూలవాటి గురించి ఒక మాట. తెల్ల పూల చెట్టు కనిపిస్తే వెంటనే బౌహీనియా అక్యుమినాటా అనేయకండి. వేరిగేటాలో కూడా తెల్లగా పూసే రకం ఉంది. అక్యుమినాటా పొదలా ఉండే చిన్న మొక్క, దానికి పది కేసరాలు. ఇక మోనాండ్రా అనే ఇంకో జాతి ఉంది, లేత గులాబీ పూలు. పేరులోనే ఉంది, దానికి పనిచేసే కేసరం ఒక్కటే. పదీ, ఐదూ, మూడూ, ఒకటీ. ఈ ప్రజాతిలో, అంటే బౌహీనియా అనే ఈ జాతుల గుంపులో, లెక్క తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఆకుపసరు
వెళ్ళి చూసొచ్చాను. మొదటి చెట్టు మొగ్గల మీద గట్లు ఉన్నాయి, కేసరాలు మూడు. రెండోదానికి ఇప్పుడు పూలు లేవు, కాయలు మాత్రం ఉన్నాయి. మూడోదే అర్థం కావడం లేదు. పువ్వు పెద్దది, చాలా ముదురు రంగు, కేసరాలు ఐదు, రేకులు వెడల్పు. అంటే వేరిగేటా అనుకోవాలి. కానీ ఆకులు నిండా ఉన్నాయి. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాం, దానికి కాయ పట్టినట్టు తోటమాలికి కూడా గుర్తు లేదట.

పుప్పొడి
తోటమాలి గారు చెప్పిన ఆ మాటే కీలకం. అది బౌహీనియా బ్లేకియానా కావచ్చు. హాంకాంగ్ జెండా మీద ఉన్న పువ్వు అదే. పర్పురియా, వేరిగేటాల సంకరం అని 2005లో జన్యు పరీక్షలతో రుజువు చేశారు. సంకరం కాబట్టి విత్తనం పట్టదు. 19వ శతాబ్దం చివర్లో హాంకాంగ్‌లో దొరికిన ఒకే చెట్టు నుంచి అంటుకట్టి, కొమ్మలు నాటి ప్రపంచమంతా పెంచారు. 1908లో దాన్ని కొత్త జాతిగా వర్ణించి ఆ పేరు పెట్టారు. సంకరం కాబట్టి ఇప్పుడు చాలామంది రెండు పదాల మధ్య గుణకారం గుర్తు పెట్టి రాస్తారు. పలక మీద మీరూ అలా రాయవచ్చు. అయితే ఈ ఏడాది పూత అయ్యాక కొమ్మలన్నీ ఓపిగ్గా చూడండి. ఒక్క కాయ పట్టినా నా మాట చెల్లదు.

బౌహీనియా అన్న పేరు గురించి కూడా చెప్పాలనిపిస్తోంది. వృక్షశాస్త్రం రాసిన జాన్, కాస్పర్ బౌహిన్ అనే అన్నదమ్ముల పేరు అది. ఒకే ఆకు రెండు రెబ్బలుగా చీలి ఉండడం ఆ జంటకు తగినట్టు ఉందని లినేయస్ రాశాడు. పిల్లలకు చెబితే ఆకు ఆకారం మర్చిపోరు.

రేలపూత
ఇక కేసియా, సెన్నాల సంగతి నేను చెబుతాను. ఈ గుంపంటే నాకు ప్రాణం. ఒకప్పుడు ఇవన్నీ కేసియాలే. 1982లో ఇర్విన్, బార్నెబీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ పెద్ద ప్రజాతిని కేసియా, సెన్నా, కమేక్రిస్టా అని మూడుగా విడదీశారు. మీ రెండు పుస్తకాలూ తప్పు కాదు, అవి వేరువేరు కాలాలవి. అందుకే తంగేడు పాత పుస్తకాల్లో కేసియా ఆరిక్యులాటా, ఇప్పుడు సెన్నా ఆరిక్యులాటా. సీమ తంగేడు అప్పుడు కేసియా సయామియా, ఇప్పుడు సెన్నా సయామియా. రేల మాత్రం అప్పుడూ ఇప్పుడూ కేసియా ఫిస్టులానే.

చెట్టు దగ్గర తేడా కనిపెట్టడానికి ఒక్క పువ్వు చాలు. నిజమైన కేసియా పువ్వులో మూడు కేసరాలు మిగతావాటికంటే చాలా పొడుగ్గా, కాడ వంపు తిరిగి రేకుల ముందుకు వేలాడతాయి. రేలపువ్వులో అది ఎంత స్పష్టంగా ఉంటుందంటే, ఒకసారి చూశాక మళ్ళీ పొరపాటు పడరు. సెన్నాలో కేసరాల కాడలు పొట్టిగా, తిన్నగా ఉంటాయి. రేల, సీమ తంగేడు ఈ రెంటి మధ్యే అయితే పువ్వు తెంపాల్సిన పని కూడా లేదు. రేల గుత్తి కిందికి వేలాడుతుంది, కాయ గుండ్రంగా మూరెడు పొడుగు కర్రలా ఉంటుంది. సీమ తంగేడు గుత్తులు కొమ్మల చివర పైకి లేచి ఉంటాయి, కాయ బద్దలా చదునుగా ఉంటుంది. పత్రకాలు, అంటే ఒక్కో ఆకులోని చిన్న రెబ్బలు, కూడా రేలకు పెద్దవి, తక్కువ జతలు.

చెట్టునీడ
రేలపూత గారూ, ఆకు కాడ మీద చిన్న గ్రంథి ఉంటే సెన్నా అని చెబుతారు కదా, అది నమ్మొచ్చా?

రేలపూత
ఉంటే నమ్మొచ్చు, లేకపోతే ఏమీ తేలదు. తంగేడుకు పత్రకాల జతల మధ్య గ్రంథులు చక్కగా కనిపిస్తాయి. సీమ తంగేడుకు అవి ఉండవు, అయినా అది సెన్నానే. అందుకే నేను కేసరాల దగ్గరే ఆగుతాను.

కొమ్మరెమ్మ
పసుపు పూలలో ఇంకొకటి కూడా కలిసిపోతుంది, పచ్చతురాయి, పెల్టోఫోరమ్ టెరోకార్పమ్. దీని రేకులు నలిగిన గుడ్డలా ముడతలు పడి ఉంటాయి. మొగ్గలు తుప్పు రంగు. ఆకు రెండుసార్లు చీలిన సంయుక్త పత్రం, రేలకూ సీమ తంగేడుకూ ఒకసారే. కాయ చదునుగా, రాగి రంగులో, అంచున రెక్కలతో ఉంటుంది. టెరోకార్పమ్ అంటే రెక్కల కాయ అనే.

మట్టివాసన
నాకో బాధ ఉంది. ఎంతో కష్టపడి ఒక పేరు నేర్చుకుంటాం, నాలుగేళ్ళకు అది మారిపోతుంది. నరమామిడిని పోలియాల్థియా లాంజిఫోలియా అని నేర్చుకున్నాను, ఇప్పుడు మోనూన్ లాంజిఫోలియమ్ అంటున్నారు. ఎర్ర తురాయి ఒకప్పుడు పోయిన్సియానా రీజియా, ఇప్పుడు డెలోనిక్స్ రీజియా. ఇలా మార్చడం అవసరమా?

విత్తనం
అవసరమేనండి. ప్రజాతి పేరు అంటే ఈ జాతులన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయని చెప్పడం. అలా కాదని తేలాక పాత పేరే ఉంచితే అది అబద్ధం చెప్పినట్టు. రెండో కారణం ముందు పెట్టిన పేరుకు హక్కు ఇచ్చే నియమం. 1753 నుంచి అచ్చయిన పేర్లను లెక్కలోకి తీసుకుంటారు. ఒకే చెట్టుకు ఇద్దరు పేర్లు పెట్టి ఉంటే సాధారణంగా ముందుదే నిలుస్తుంది.

మీ బాధ తగ్గించే ఉపాయం ఒకటుంది. రెండో పదాన్ని పట్టుకోండి. ప్రజాతి మారినా జాతి పదం చాలాసార్లు అలాగే వెంట వస్తుంది, చివర అక్షరం మాత్రం ప్రజాతి పేరుకు లాటిన్ వ్యాకరణంలో ఉన్న లింగాన్ని బట్టి మారుతుంది. లాంజిఫోలియా లాంజిఫోలియమ్ అయింది అందుకే. ఆరిక్యులాటా, సయామియా, రీజియా, ఏవీ మారలేదు చూడండి. లండన్‌లోని క్యూ ఉద్యానవనం వారి 'ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్' వెబ్‌సైట్‌లో పాత పేరు కొడితే ఇప్పటి పేరు, మధ్యలో ఉన్న పేర్లూ అన్నీ వస్తాయి.

అడవిగాలి
విత్తనం గారి ఉపాయం మంచిదే, కానీ అది ముంచే చోట్లు కూడా ఉన్నాయి. బూరుగను చూడండి. ఎర్ర పూల బూరుగ బొంబాక్స్ సైబా. తెల్ల బూరుగ సైబా పెంటాండ్రా. ఒకదానికి జాతి పదం, ఇంకోదానికి ప్రజాతి పదం. దీనికి తోడు తెల్ల బూరుగను ఒకప్పుడు బొంబాక్స్ పెంటాండ్రమ్ అన్నారు, ఎర్రదాన్ని బొంబాక్స్ మలబారికమ్ అనీ సాల్మాలియా మలబారికా అనీ అన్నారు. పాత పుస్తకంలో ఒట్టి 'బొంబాక్స్' అని ఉంటే ఏ చెట్టో తేల్చలేం, పూల వర్ణన చదవాల్సిందే. చెట్టు ముందున్నప్పుడు మాత్రం సులువు. ఎర్రదానికి పెద్ద మందమైన రేకులు, లోపల కుచ్చులా లెక్కలేనన్ని కేసరాలు. పెంటాండ్రా పువ్వు చిన్నది, లేత మీగడ రంగు, కేసరాలు ఐదే. కాండం మీద ముళ్ళు చూసి తేల్చకండి, లేత వయసులో రెంటికీ ఉంటాయి.

రెండో పదం అడ్డం తిరిగిన ఇంకో చెట్టు అశోకం. చాలాకాలం దాన్ని సరకా ఇండికా అని రాశారు. నిజానికి ఆ పేరు ఆగ్నేయాసియాలోని వేరే చెట్టుది. మనకు తెలిసిన అశోకం సరకా అసోకా. పాత పుస్తకంలో 'ఇండికా' కనబడితే ఏ చెట్టు గురించి రాశారో చూడకుండా ఎత్తి రాయకండి. నిటారుగా పెరిగే నరమామిడిని అశోకం అని పిలిచే చోట ఈ గందరగోళం ఇంకా పెరుగుతుంది. సరకాకు సంయుక్త పత్రం, నారింజ నుంచి ఎరుపుకు తిరిగే పూల గుత్తులు, అసలు రేకులే ఉండవు, రంగున్నది రక్షక పత్రాలకు. నరమామిడికి అంచు అలలు తిరిగిన ఒంటి ఆకు, ఆకుపచ్చని ఆరు రేకుల పువ్వు. బంధుత్వం కూడా లేదు. సరకా చిక్కుడు కుటుంబం, నరమామిడి సీతాఫలం కుటుంబం. ఈ తేడా పలక మీద సరిగా పడాలని నా కోరిక, ఎందుకంటే అశోకం బెరడుకు బదులు నరమామిడి బెరడు మందుల్లో కలిసిపోవడం ఎప్పటినుంచో ఉన్న సమస్య.

పుప్పొడి
అడవిగాలి గారు చెప్పిన చివరి సంగతి చాలా ముఖ్యం. ధన్యవాదాలు.

గాలిపటం
టబెబూయాల మాట ఎవరూ ఎత్తలేదు. నా దగ్గర పసుపు టబెబూయాకు ఒక చోట అర్జెంటియా, ఇంకో చోట ఆరియా అని ఉంది. ఒకటి వెండి, ఒకటి బంగారం. రెండు చెట్లా?

కొమ్మరెమ్మ
ఒకటే చెట్టు. ఆకు వెండి రంగు, పువ్వు బంగారు రంగు, ఇప్పుడు నిలిచిన పేరు టబెబూయా ఆరియా. బెరడు బెండులా లోతుగా పగిలి ఉంటుంది. అయితే పసుపు పూలన్నీ టబెబూయాలు కావు. 2007లో ఆ ప్రజాతిలోంచి చాలా జాతులను తీసి హాండ్రోయాంథస్‌లో పెట్టారు. గట్టి, బరువైన కలప ఉన్నవి అటు వెళ్ళాయి. చేతి భూతద్దం ఉంటే ఆకు మీద, పువ్వు అడుగున ఉన్న గిన్నె మీద చూడండి. నూగు ఉంటే హాండ్రోయాంథస్, సన్నటి పొలుసులు ఉంటే టబెబూయా. గులాబీ పూలవాటిలో టబెబూయా రోజియా పత్రకాల అంచు నున్నగా ఉంటుంది, హాండ్రోయాంథస్ ఇంపెటిజినోసస్‌కు తరచు అంచున పళ్ళు ఉంటాయి. పూసేటప్పుడు ఆకు ఉండదు కాబట్టి రాలిన ఆకులు చెట్టు కింద ఏరాలి, లేదా చిగురు వచ్చేదాకా ఆగాలి.

ఆకుపసరు
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇక రెండు సందేహాలు. ఫోటోలు ఏవి తీసి పెడితే మీరు తేల్చగలరు? తేలని చెట్టుకు పలక మీద ఏం రాయాలి?

పుప్పొడి
పువ్వు ఎదురుగా ఒకటి, పక్క నుంచి గిన్నె కనబడేలా ఒకటి, రేకులు విప్పి కేసరాలు ఒకటి. మొగ్గ, ఆకు పైభాగం, ఆకు అడుగు, కాడ మొదలు, బెరడు, కాయ. ఒక్క పువ్వు ఫోటో పంపి పేరు చెప్పమంటే యాప్‌కే కాదు, మాకూ కష్టం. ఏ నెలలో తీశారో, చెట్టుకు అప్పుడు ఆకులున్నాయో లేదో కూడా రాయండి.

విత్తనం
తేలని చెట్టుకు ప్రజాతి పేరు మాత్రం రాసి ఆపండి. 'బౌహీనియా' అని ఒక్క మాట రాస్తే అందులో తప్పేమీ లేదు. తేలినవాటికి ఇప్పటి పేరు పెద్ద అక్షరాల్లో, కింద చిన్నగా 'పాత పుస్తకాల్లో' అని పాత పేరు. పసుపు పూలవాటికి ఆ రెండో వరుస తప్పనిసరిగా పెట్టండి. గ్రంథాలయంలో కేసియా సయామియా అని చదివి వచ్చిన పిల్లవాడు సెన్నా పలక చూసి ఇది వేరే చెట్టు అనుకోకూడదు.

రేలపూత
రెండో కాంచనానికి ఇప్పుడే పలక చేయించకండి ఆకుపసరు గారూ. కాయను బట్టి అది బ్లేకియానా కాదని మాత్రమే తేలింది. పూత రాగానే కేసరాలు లెక్కపెట్టి ఇక్కడ రాయండి, అందరం చూస్తాం.