వంకాయ రంగు తిరిగిన పాత అచ్చుగాజు: కొనవచ్చా, కూడదా?

గాజులపెట్టె: ఇక్కడ ఒహాయోలో పాత సామాన్ల దుకాణంలో 1890ల నాటి అచ్చుగాజు (కరిగిన గాజును అచ్చులో ఒత్తి చేసినది) పంచదార గిన్నె చూశాను. నిండు వంకాయ రంగు. ఎండకు సహజంగా తిరిగిన రంగని చీటీ అంటించి, రంగులేని తెల్ల గిన్నెకు రెట్టింపు ధర పెట్టారు. కొనవచ్చా?

పాతసరుకు: వద్దు. ఏళ్ల తరబడి ఎండలో ఉంటే వచ్చేది లేత ఊదా. అంత ముదురుగా ఉందంటే అతినీలలోహిత దీపం కిందో, రేడియేషన్ యంత్రంలోనో పెట్టి ఉంటారు. ఇసుకలోని ఇనుము వల్ల గాజుకు ఆకుపచ్చ ఛాయ వస్తుంది. అది కనబడకుండా అప్పట్లో మాంగనీసు కలిపేవారు. కిరణాలు సోకితే ఆ మాంగనీసే ఊదాగా మారుతుంది. తెల్లగా ఉండాలని చేసిన వస్తువును చెడగొట్టి, పైగా ఎక్కువ ధరా!

కిటికీపక్క: మరీ చాదస్తం అండీ. మీటితే గంటలా మోగే సీసం గాజు ఖరీదైనది. 1864లో అమెరికాలోని వీలింగ్ ఊళ్లో విలియం లైటన్ అనే గాజు నిపుణుడు చవకైన సోడా-సున్నం గాజు తయారుచేశాకే ఈ సామాను మామూలు ఇళ్ల భోజనాల బల్ల మీదికి విరివిగా చేరింది. అంచు పెచ్చులూడిన గ్లాసు నా కిటికీలో రంగు మారితే ఎవరి సొమ్ము పోయింది?

పాతసరుకు: మీ కిటికీ మీ ఇష్టం. నా పేచీ అమ్మకంతోనే. వెన్న గిన్నె, పంచదార గిన్నె, పాల జగ్గు, చెంచాల పాత్ర కలిస్తేనే సెట్టు. ఒకటి ఊదా అయితే మిగతా మూడింటికి జత కుదరదు. కొత్తవాళ్లేమో పుట్టుకతోనే ఊదా గాజనుకొని డబ్బు పోసేస్తారు.

చెంచాలపాత్ర: రంగు తిరిగిందంటే కనీసం నకిలీ కాదని తేలినట్టే కదా? కావాలంటే కొలిమిలో పెట్టి రంగు పోగొట్టవచ్చు.

పాతసరుకు: తేలదు. పాత డిజైన్లకు నకళ్లు 1930ల నుంచీ వస్తున్నాయి, మాంగనీసు అప్పటికీ కొన్నిచోట్ల వాడుకలోనే ఉంది. రంగు కాదు, అచ్చు గీతల నునుపు చూడాలి. కొలిమిలో రంగు పోయే మాట నిజమే. నూరేళ్లు దాటిన గాజు ఆ వేడికి చిట్లితే ఎవరిది పూచీ?

కిటికీపక్క: కృత్రిమ రంగని చీటీ మీద రాసి అమ్మితే?

పాతసరుకు: అప్పుడూ ఒప్పుకోను. రెండు చేతులు మారేలోపే చీటీ ఊడిపోతుంది. మూడోసారి కొనేవాడికి ఎవరు చెబుతారు?