బాబుకి అరికాళ్లలో పొక్కులు, ఇది ఆటలమ్మేనా?

సత్యనారాయణపురం అమ్మ:
నమస్తే అండీ. మా బాబుకి రెండున్నరేళ్లు. సోమవారం రాత్రి ఒళ్లు కాలిపోయింది, 101 ఉంది. మర్నాటికి జ్వరం తగ్గింది గానీ పాలు దగ్గరికి తెస్తే మొహం తిప్పేస్తున్నాడు. చొక్కా తడిసిపోయేలా చొంగ. పళ్లొస్తున్నాయేమో అనుకున్నాను. ఈ పొద్దున స్నానం చేయిస్తుంటే అరికాళ్లలో ఎర్రటి చుక్కలు, పిరుదుల మీద పొక్కులు కనిపించాయి. అత్తయ్యగారు "అమ్మవారు పోసింది, నీళ్లు పోయకు" అని గుమ్మానికి వేపమండలు కట్టేశారు. మందుల షాపు అబ్బాయేమో యాంటీబయాటిక్ సిరప్ చేతిలో పెట్టాడు. ఇంకా మూత తీయలేదు. ప్లే స్కూల్లో మరో ఇద్దరికీ ఇలాగే ఉందట. చాలా టెన్షన్‌గా ఉంది.

బ్రాడీపేట నాన్న:
మూత తీయకపోవడమే మంచిదైందమ్మా. వింటుంటే హ్యాండ్ ఫుట్ అండ్ మౌత్‌లా ఉంది, పిల్లల డాక్టరుకి చూపించి ఖాయం చేసుకోండి. వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ దాన్నేం చేయలేదు. పోయినేడు మా పిల్లలిద్దరికీ వారం తేడాతో వచ్చింది. ఆటలమ్మ అయితే ఎక్కువగా పొట్ట, వీపు మీద నీటిపొక్కులు, విపరీతమైన దురద. ఇది అరిచేతులు, అరికాళ్లు, నోరు పట్టుకుంటుంది. టార్చి వేసి చూస్తే మా పాప నాలుక మీద, బుగ్గల లోపల ఎర్రటి అంచుతో తెల్లటి పుళ్లు. పాలెందుకు వద్దంటోందో అప్పుడు అర్థమైంది.

మందు సంగతి చిన్నది. బరువుని బట్టి డాక్టరు చెప్పినంత పారాసెటమాల్, అంతే. కాకపోతే సీసా మీద 5 మి.లీ.కి 125 మి.గ్రా. ఉందో 250 మి.గ్రా. ఉందో చూసి పోయండి, రెండు రకాలూ దొరుకుతాయి. ఆస్పిరిన్ అసలు వద్దు.

అసలు యుద్ధం గొంతులోకి నీళ్లు దింపడమే. మా గుంటూరు ఇళ్లలో చారు కూడా ఎర్రగానే ఉంటుంది కదా, ముందు దాన్ని ఆపాం. కారం, చింతపండు, బత్తాయి రసం, వేడి పాలు, ఏది తగిలినా పాప కేక పెట్టేది. పుల్లబడని పెరుగన్నం మెత్తగా పిసికి ఫ్రిజ్‌లో పెట్టి ఇచ్చాం. చల్లటి సగ్గుబియ్యం జావ కూడా. పాలసీసా పీల్చలేకపోతే చెంచాతో, పది నిమిషాలకోసారి. మా ఆవిడ గోడ మీద క్యాలెండర్లో పాప ఉచ్చ పోసిన ప్రతిసారీ ఒక గీత గీసేది. నవ్వుకున్నాను గానీ డాక్టరు మొదట అడిగింది అదే.

రిటైర్డ్ నర్సు, పటమట:
ఆ గీతలు గీసినామెకి దండం పెట్టాలి. ఆరేడు గంటలు ఉచ్చ పోయకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా ఆలస్యం చేయకు తల్లీ. జ్వరం మూడు రోజులు దాటినా, వాంతులు ఆగకపోయినా, పిల్లాడు మత్తుగా పడుకున్నా, నిద్రలో ఉలిక్కిపడినట్టు పదేపదే ఒళ్లు అదిరినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఈ జబ్బు తెచ్చే వైరస్‌లలో ఎంటెరోవైరస్ 71 అనే రకం అరుదుగా మెదడు మీదికి వెళ్తుంది. మామూలుగా అయితే వారం, పది రోజుల్లో తగ్గిపోతుంది.

గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయించు. అత్తయ్యగారి వేపమండలు గుమ్మానికి ఉండనీ, వాటితో గొడవ లేదు. పొక్కులు మాత్రం చిదమొద్దు. విరేచనంలో వైరస్ వారాల తరబడి పోతూనే ఉంటుంది. డైపర్ మార్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో, శానిటైజర్ దీనికి అంతగా చాలదు. ప్లే స్కూలుకి కబురు చెప్పి, తగ్గేదాకా పంపకు. ఇంకో మాట, పేరు దగ్గరగా ఉన్నా ఇది గేదెలకొచ్చే గాలికుంటు (ఫుట్ అండ్ మౌత్) కాదు. పాలు మానిపించమని ఎవరైనా అంటే వినకు.

బ్రాడీపేట నాన్న:
చెప్పడం మర్చిపోయాను. అంతా తగ్గిన నెలకి మా చిన్నోడి బొటనవేలి గోరు ఊడి వచ్చింది. హడలిపోయి పరిగెత్తాం. దీని తర్వాత కొందరికి అలా ఊడుతుందట, కింద కొత్త గోరు వచ్చేస్తోంది. మీరు కంగారుపడకండి.

సత్యనారాయణపురం అమ్మ:
డాక్టరు కూడా అదే అన్నారండీ, సిరప్ పక్కన పడేశాను. చల్లటి పెరుగన్నం నాలుగు చెంచాలు తిన్నాడు. అత్తయ్యగారే తినిపించారు. సాయంత్రం నుంచి రెండు గీతలు.