ఐఎంఏ (ఇండియన్ మిలిటరీ అకాడమీ) మెరిట్ లిస్టులో మావాడు 112, సీట్లు 100. జాయినింగ్ లెటర్ వస్తుందా?

సాలూరు నాన్న:
నమస్కారమండి. నేను ఆర్టీసీ డ్రైవర్ని. మావాడు బీఎస్సీ చదివి సీడీఎస్ రాశాడు, త్రివిధ దళాల్లో ఆఫీసర్ల కోసం యూపీఎస్సీ పెట్టే పరీక్ష. బెంగళూరులో ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూలో అయిదు రోజులూ నిలబడి రికమెండ్ అయ్యాడు, మెడికల్లోనూ ఫిట్ అన్నారు. ఆ రోజు ఫోన్లో వాడి గొంతు విని వాళ్ళమ్మ ఏడ్చేసింది. ఇప్పుడు యూపీఎస్సీ లిస్టులో 112వ పేరు. సీట్లు 100 అంటున్నారు. ఒక ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం కూడా వచ్చింది, వచ్చే నెల చేరమన్నారు. చేరమనాలా, ఆగమనాలా? వాడు ఏమీ మాట్లాడడు, తెల్లారి నాలుగింటికే లేచి పరుగుకి పోతాడు.

రిటైర్డ్ సుబేదార్, కడప:
అన్నగారూ, ముందుగా అభినందనలు. ఎస్‌ఎస్‌బీలో మొదటి రోజు స్క్రీనింగ్‌లోనే సగానికి పైగా ఇంటికొచ్చేస్తారు. ఆఖరున ఫలితం చెప్పే కాన్ఫరెన్స్ రోజు తన చెస్ట్ నంబరు పిలిపించుకున్నవాడు మీ కొడుకు.

లెక్క చెబుతాను. 100 సీట్లలో 13 ఎన్‌సీసీ సి సర్టిఫికెట్ ఉన్నవాళ్లవి. మీవాడికి అది లేకపోతే మిగిలేవి 87. అయితే ఆ లిస్టు చేసేటప్పుడు మెడికల్ ఫలితం చూడరు. పైన ఉన్నవాళ్లలో అన్‌ఫిట్ అయినవాళ్లు ఉంటారు, అప్పీలుకి వెళ్లినవాళ్లు ఉంటారు. నేవీ, ఎయిర్‌ఫోర్స్ లిస్టుల్లోనూ పేరుండి అటు వెళ్లేవాళ్లు, ఈలోగా వేరే ఎంట్రీలో చేరిపోయినవాళ్లు కూడా ఉంటారు. వాళ్లు తప్పుకున్నకొద్దీ కిందివాళ్లు పైకొస్తారు. 112 దాకా వస్తుందని మాత్రం నేను మాటివ్వలేను.

ఒకటి చెప్పండి: ఫారంలో ఓటీఏ, అంటే చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ, పెట్టాడా?

సాలూరు నాన్న:
పెట్టాడండి, రెండోది అదే. ఎన్‌సీసీ లేదు. ఇంగ్లీషు, జీకే బాగా రాశానన్నాడు, లెక్కలే కాస్త తగ్గాయట.

రిటైర్డ్ సుబేదార్, కడప:
అయితే మీ ఆశ అక్కడ పెట్టుకోండి. ఐఎంఏకి రాతపరీక్ష 300, ఎస్‌ఎస్‌బీ 300. ఓటీఏకి లెక్కల పేపరే లేదు, 200కి 200. మళ్లీ ఎస్‌ఎస్‌బీకి వెళ్లక్కర్లేదు, రెంటికీ ఒక్కటే. లెక్కలు పక్కకు పోతే మీవాడి స్థానం మారుతుంది. 2024 మొదటి నోటిఫికేషన్‌లో మొత్తం 457 సీట్లయితే అందులో 275 ఓటీఏలో మగపిల్లలవే. నేవీ అకాడమీ, ఎయిర్‌ఫోర్స్ అకాడమీ చెరి 32. ఓటీఏ లిస్టు తర్వాత విడిగా వస్తుంది, మార్కులు కూడా అప్పుడే తెలుస్తాయి.

ఓటీఏ అంటే తక్కువని ఎవరైనా అంటే వినకండి. మా అమ్మాయి చెన్నైలో 49 వారాల ట్రైనింగ్ చేసి లెఫ్టినెంట్‌గానే బయటికొచ్చింది. పదేళ్ల సర్వీసు, ఇంకో నాలుగేళ్లు పొడిగించుకోవచ్చు. పర్మనెంట్ కమిషన్‌కి, అంటే రిటైర్మెంట్ దాకా సర్వీసుకి, అడిగే అవకాశమూ ఉంది.

గుంటూరు అమ్మాయి:
బాబాయ్, నేను పోయినసారి మెరిట్ అవుట్. సీడీఎస్‌లో మాకు ఓటీఏ ఒక్కటే దారి, ఆ నోటిఫికేషన్‌లో ఆడపిల్లలకు 18 సీట్లు. రికమెండ్ అయ్యి, ఫిట్ అయ్యి, లిస్టు ఆఖర్న ఆగిపోయాను. పాత రికమెండేషన్ తర్వాతి పరీక్షకి పనికిరాదు, అన్నీ మొదటి నుంచి. అందుకే తమ్ముణ్ణి తర్వాతి సీడీఎస్‌కి ఇప్పుడే అప్లై చేయమనండి. ఓటీఏకి వయసు ఐఎంఏ కంటే ఒక ఏడాది ఎక్కువ ఇస్తారు. బ్యాంకులో చేరినా తప్పులేదు, లెటర్ వస్తే రాజీనామా చేయొచ్చు. బాండ్ ఏమైనా రాయించుకుంటున్నారేమో సంతకం పెట్టేముందు చదవమనండి. నేనూ ఉద్యోగం చేస్తూనే మళ్లీ రాస్తున్నాను. పొద్దున పరుగు మాత్రం ఆపనివ్వకండి.

సాలూరు నాన్న:
ఓటీఏ లిస్టు వేరేగా వస్తుందని నాకు తెలీదమ్మా. 112 దగ్గరే అంతా అయిపోయిందనుకున్నాను. బాండ్ సంగతి రేపే కనుక్కుంటాను. నాకు అయిదింటికి పార్వతీపురం బండి. వాడు పరుగుకి లేచేసరికి నేనూ లేచే ఉంటాను, అప్పుడే చెప్తాను.