బాతుల వేటకు ఏ తూటా? పాత డబుల్ బ్యారెల్‌లో స్టీల్ కాల్చొచ్చా?

తార్నాక_ట్రాప్:
అందరికీ నమస్కారం. డిసెంబర్‌లో ఆర్కన్సాలో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. అల్లుడి పక్కింటి పెద్దాయన బాతుల వేటకు రమ్మంటున్నాడు, తన పాత 12 బోర్ డబుల్ బ్యారెల్ (రెండు నాళాల తుపాకీ) నాకిస్తాడట. నేను ఇక్కడ గచ్చిబౌలి వైపు రేంజ్‌లో ట్రాప్ కొడతాను, అంటే గాల్లోకి విసిరే మట్టి పళ్లేలను కాల్చే ఆట. 24 గ్రాముల సీసం గుళ్లుండే ఏడున్నర నంబర్ (నంబర్ తగ్గేకొద్దీ గుండు పెద్దది) తప్ప వేరే తూటా ఎరగను. ఫోటోలో చూస్తే నాళం మీద 2¾ అంగుళాలు అని ఉంది, రెండు నాళాలూ ఫుల్ చోక్, అంటే మూతి దగ్గర బాగా బిగువు. షాపులో 3 అంగుళాల స్టీల్ (ఉక్కు గుళ్లు) 2 నంబర్ చౌకట, బిస్మత్ (ఉక్కు కన్నా మెత్తని లోహం) గుళ్లవి బాగా ఖరీదట. ఏది కొనమనాలి?

చెరువుగట్టు:
చంపడమెందుకు సర్, బైనాక్యులర్స్ పట్టుకుని అమీన్‌పూర్ చెరువుకు రండి.

తార్నాక_ట్రాప్:
అక్కడికీ వస్తా తమ్ముడూ. ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, తుపాకీ ఎత్తే మాటే లేదు. నేనడిగింది అక్కడి సంగతి.

మల్కాజిగిరి_12బోర్:
సర్, ముందు ఆ 3 అంగుళాల డబ్బా పక్కన పెట్టించండి. పేలకముందు ఆ తూటా 2¾ ఛాంబర్‌లో (నాళంలో తూటా కూర్చునే చోటు) చక్కగా దూరిపోతుంది, మోసం అక్కడే ఉంది. 3 అంగుళాలన్నది పేలి మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. చోటు చాలక ఆ మూతి ఛాంబర్ దాటి నాళం సన్నబడే దగ్గర ఇరుక్కుంటే ప్రెషర్ విపరీతంగా పెరిగిపోతుంది.

2¾లోనూ స్టీల్ దొరుకుతుంది, కానీ పాత నాళానికి, అందులోనూ ఫుల్ చోక్‌కి వద్దు. సీసం గుళ్లు నలిగి సర్దుకుని బయటపడతాయి. ఉక్కు నలగదు, చోక్ దగ్గర నాళం ఉబ్బుతుంది. ఆ తుపాకీయే వాడాలంటే గన్‌స్మిత్‌కి చూపించి, బిస్మత్ 4 నంబర్ కొనండి, ఖరీదైనా సరే.

సీసం ఆలోచన అసలే వద్దు. నీటిపక్షుల వేటలో 1991 నుంచి అమెరికా అంతటా నిషేధం. బాతులు అరుగుదలకు గులకరాళ్లు మింగుతాయి కదా, వాటితో పాటు అడుగున పడ్డ గుళ్లూ మింగి విషమెక్కి చచ్చేవి. వేటలో జేబులో ఒక్క సీసం తూటా దొరికినా తప్పే. రేంజ్ జాకెట్ తీసుకెళ్తుంటే జేబులన్నీ ఇంట్లోనే దులపండి. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో బయటపడితే అది ఇంకో గొడవ.

నన్నడిగితే, చోక్ మార్చుకునే కొత్త పంప్ గన్ (ముందుపిడి వెనక్కీ ముందుకీ లాగితే తర్వాతి తూటా ఎక్కే ఒంటి నాళం తుపాకీ) ఏదైనా ఉందేమో పెద్దాయన్ని అడగండి. 3 అంగుళాల ఛాంబర్ అని చూసుకుని, ఫుల్ కన్నా వదులుండే మోడిఫైడ్ చోక్ బిగిస్తే ఆ 2 నంబర్ స్టీలే హాయిగా కాల్చొచ్చు. ఉక్కు తేలిక, దూరం పోయేకొద్దీ ఊపు తగ్గుతుంది. అందుకే సీసంలో 4 వాడేచోట ఉక్కులో 2. ముందు 40 గజాల్లో పెద్ద కాగితం కట్టి గుళ్లు ఎలా పడుతున్నాయో చూడండి. బాతు 35 గజాలు దాటితే మాత్రం వదిలేయండి. మన ట్రాప్ వాళ్లకు ఇదే కష్టం, గాల్లో ఏదైనా కదిలితే వేలు ఆగదు.

తార్నాక_ట్రాప్:
అల్లుడు కనుక్కున్నాడు, పంప్ గన్ ఉందట. లోపల ఏదో చెక్కపుల్ల అడ్డం పెట్టి ఉందట, తీసేయాలా?

మల్కాజిగిరి_12బోర్:
తీయకండి! మూడు తూటాలకు మించి పట్టకుండా పెట్టిందే అది, వలసపక్షుల వేటకు అక్కడి రూల్. హంటింగ్ లైసెన్స్, డక్ స్టాంప్ (నీటిపక్షుల వేటకు కొనాల్సిన అనుమతి స్టాంపు) మీ పేరు మీదే తీసుకోండి. విజిటర్ వీసా మీద వెళ్లేవాళ్లు హంటింగ్ లైసెన్స్ చేతికి రాకుండా తుపాకీ ముట్టుకోకూడదు.